పదకొండు మేకు తలలు

నా మీద జాలిపడమని ఇది చెప్పడం లేదు. ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని కుళ్ళిన మాట, ఇక దాచలేక కక్కేస్తున్నాను. అంతే.

మా మామ పేరు ఇలారియో. నా భార్య లూడివీనా తండ్రి. కాన్సాస్‌లో రైలు పట్టాల గ్యాంగులో ఇరవై ఏడేళ్ళు ఒకే ఇనుప బారు పట్టుకుని పనిచేసిన మనిషి. గ్యాంగులో ఆరుగురం, అందరం మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ బిడ్డలమే. మేస్త్రీ మాత్రం ఎప్పుడూ తెల్లవాడే. అప్పటి మేస్త్రీ క్లాసెన్ అని ఒక ముసలాయన. మోకాళ్ళు అరిగిపోయి ఆ ఏడాది చలి మొదలయ్యేలోపు దిగిపోతానన్నాడు. దిగిపోయే ముందు కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు: నా తర్వాత ఇలారియోని వెయ్యండి అని.

మా డివిజన్‌లో అంతవరకూ మావాడు ఒక్కడూ మేస్త్రీ అయిన పాపాన పోలేదు. కంపెనీ ఇళ్ళ వరుసలో ఈ వార్త పాకేసరికి ఆడవాళ్ళు మామని ఏడిపించడం మొదలుపెట్టారు. "ఏం మేస్త్రీ గారూ, మా ఆయనకి ఆదివారం సెలవిస్తారా?" అని అడిగేవాళ్ళు. "నోరు ముయ్యండే, దిష్టి పెట్టేస్తున్నారు" అని కసిరేవాడు గానీ, మీసాల కింద నవ్వు దాగేది కాదు. సాయంత్రాలు మా ఇంటికొచ్చి, కూతురి పక్కన కూర్చుని, మేస్త్రీలు నింపాల్సిన రిపోర్టు కాగితాలు ఇంగ్లీషులో రాయడం నేర్చుకునేవాడు. సమ్మెట పట్టే చేతిలో పెన్సిలు రోజుకొకటి విరిగేది. లూడివీనాకి అప్పుడు ఎనిమిదో నెల. పొట్ట మీద పలక పెట్టుకుని తండ్రికి స్పెల్లింగులు చెప్పేది. ఆ ఇంట్లో అంత సంతోషం మళ్ళీ నేను చూడలేదు. చూడనివ్వకుండా చేసిన వెధవని నేనే.

పట్టాని దుంగకి బిగించే మేకులు పీకడం ఏముందిలే అనుకునేవాళ్ళు ఒక్క పూట వచ్చి పీకి చూడండి. బారు అంటే ఐదడుగుల ఇనుము. ఒక కొస గిత్త గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలికని మేకు తల కిందికి ఎక్కించాలి, బారు మడమని స్లీపరు దుంగ మీద ఆనించాలి, అవతలి కొస మీద ఒళ్ళంతా వేసి కిందికి అణచాలి. మేకు మంచిదైతే కీచుమంటూ లేస్తుంది. బారుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడకూడదు. అలా నిలబడ్డవాడికి ఆ తర్వాత పిల్లలు పుట్టరని తిబుర్సియో కొత్తవాళ్ళని భయపెట్టేవాడు. తిబుర్సియో అంటే మా ఆవిడ పెదనాన్న కొడుకు, గ్యాంగులో నోటి దురుసుకి మొదటివాడు.

మా లైను మీద ఇంకో పీడ ఉండేది. మాంసం, పళ్ళు తీసుకెళ్ళే పెట్టెల్లో ఐసూ ఉప్పూ వేస్తారు. ఆ ఉప్పునీళ్ళు దారి పొడుగునా పట్టాల మీద కారతాయి. మేకు పైకి చూస్తే నిక్షేపంలా ఉంటుంది. తల కింద మెడ మాత్రం తినేసి ఉంటుంది. బారు ఎక్కించి అణిచామా, తల పుటుక్కున ఊడి వస్తుంది, మొండెం దుంగలోనే ఉండిపోతుంది. అప్పుడు ఒకడు ఉక్కు కడ్డీని ఆ మొండెం మీద నిలబెట్టి పట్టుకోవాలి, ఇంకొకడు సమ్మెటతో కొట్టి దాన్ని అడుగుకి దిగగొట్టాలి, కన్నానికి చెక్క బిరడా బిగించాలి, కొత్త మేకు కొట్టాలి. ఇద్దరు మనుషుల పని అది. ఒక్కడే చెయ్యబోతే వేళ్ళు పోతాయి.

ప్రతివాడి బారుకీ పిడి దగ్గర వాడి గుర్తు చెక్కి ఉండేది. మామది మూడు గీతలు. ఏ మేకు పనిలో తేడా వచ్చినా, ఆ రోజు అక్కడ ఎవరి బారు ఆడిందో వాడే జవాబు చెప్పాలి. కంపెనీ పెట్టిన రూలు కాదది, మాలో మేం పెట్టుకున్నది. కంపెనీ రూళ్ళ కన్నా దానికే ఎక్కువ భయపడేవాళ్ళం.

పంతొమ్మిది వందల యాభై మూడు, ఆగస్టు నెల, శుక్రవారం. ఊరి బయట వంపు దగ్గర బయటి పట్టా మేకులు ఒక్కొక్కటీ బారుతో తట్టి చూసి, పుచ్చినవి మార్చాలి. మామా నేనూ జత. నా బారు చీలిక అరిగిపోయి మేకు తల మీంచి జారిపోతోంది. "ఇదిగో, నాది పట్టుకో. మూతి పగలగొట్టుకోకు" అని మామ తన బారు నాకిచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి క్లాసెన్ మనిషిని పంపాడు, మైలు దూరంలో రోడ్డు దాటే చోట పని పడింది, ఇలారియోని రమ్మన్నాడు.

"అల్లుడూ, మొండేలు వస్తే ఒక్కడివే కొట్టకు. దుంగ మీద సుద్దతో గీత పెట్టు, నేనొచ్చాక ఇద్దరం కొడదాం. తెలిసిందా?"

"తెలిసింది మామా."

"బుర్ర ఇక్కడ ఉందా, సాయంత్రం ఆటలో ఉందా?"

"ఇక్కడే ఉంది మామా."

ఎక్కడుంది? పక్క ఊరు న్యూటన్‌లో ఉంది. ఆరింటికి అక్కడ బేస్‌బాల్ ఆట. నేను మా ఊరి జట్టులో షార్ట్‌స్టాప్‌ని, మైదానం మధ్యలో బంతి ఆపేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు, కాళ్ళు భూమ్మీద నిలిచేవి కాదు. నాలుగింటికి పని దిగకపోతే ఆట తప్పిపోతుంది. మామ వెళ్ళాక మొదటి మేకు తట్టాను, తల ఊడింది. రెండోది ఊడింది. ఒక పక్క ఎండ మాడ్చేస్తోంది. నాలుగోది ఊడేసరికి లెక్క వేసుకున్నాను: ఇన్నిటికీ గీతలు పెడితే మామ వచ్చి అన్నీ అయ్యేదాకా కదలడు, చీకటి పడుతుంది.

ఏం చేశానో చెబుతాను వినండి. ఊడిన తలని మళ్ళీ దాని మొండెం మీదే పెట్టాను. పట్టా అంచు మీదికి వచ్చేలా సరిగ్గా తిప్పి, కింద కాస్త గ్రీజూ మట్టీ కూరాను. దూరం నుంచి కాదు, పక్కన నిలబడి చూసినా మేకు లాగే ఉంది. ఒకటి పెట్టాక రెండోది సులువైంది. వరసగా పదకొండు పెట్టాను. సిగ్గులేనితనం చూడండి, ఆఖరివాటికి వచ్చేసరికి నీటుగా పెడుతున్నానని మురిసిపోయాను కూడా.

నాలుగింటికి మామ వగరుస్తూ వచ్చాడు. "ఎన్ని విరిగాయి?"

"ఒక్కటీ లేదు మామా."

"ఈ వంపులో ఒక్కటీ విరగలేదా?"

"నేను అబద్ధమాడతానా?"

ఆయన ఒంగి ఆ వరుస వెంట ఒకసారి చూపు సారించాడు. ఇంకొకడైతే బారు లాక్కుని రెండు తట్టి చూసేవాడు. నా మాట మీద నమ్మకంతో తట్టలేదు. "పో, ఆడుకో పో. ఓడిపోయి వచ్చావంటే నా కూతురు తలుపు తియ్యదు" అన్నాడు. మేం గెలిచాం. నేను రెండు పరుగులు తీశాను.

శని, ఆది, రెండు రోజులూ ఆ వంపు మీద రైళ్ళు పోయాయి. సరుకు బళ్ళే కాదు, నాలుగుంబావుకి వెళ్ళే ప్యాసింజరు కూడా. ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వస్తుంటే ఆ ప్యాసింజరు కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపితే నేనూ ఊపాను. వంపు మాట అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం ఎలాగో సరిచేస్తానులే అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే మోటారు ట్రాలీ మీద క్లాసెన్‌తో పాటు పెద్ద ఇన్‌స్పెక్టరు ప్రెంటిస్ దిగాడు. ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు. మామ ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు. తిబుర్సియో నా చెవిలో, "బావా, మీ మామ పెళ్ళికొడుకులా లేడూ?" అన్నాడు. ప్రెంటిస్ మామతో చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి కలపడం నా కళ్ళారా చూశాను. తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూ, వంపు వెంట నడుస్తూ, అలవాటుగా ఒక మేకుని బూటు కొసతో తన్నాడు.

తల దొర్లిపోయింది.

ప్రెంటిస్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఇంకోదాన్ని తన్నాడు. అదీ దొర్లింది. ఒక్కొక్కటీ తన్నుతూ, పైకి లెక్కపెడుతూ, నింపాదిగా నడిచాడు. రైళ్ళు ఆపమని క్లాసెన్ ఎర్రజెండా ఇచ్చి ఒక మనిషిని పరిగెత్తించాడు.

ఈ కథ నేను ఎవరికి చెప్పినా ఇంతకుముందు ఒకలా చెప్పేవాణ్ణి: నేను నోరు విప్పేలోపే మామ ఒప్పేసుకున్నాడు అని. అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ మనిషి పదకొండు తన్నులు తన్నాడు, తన్నుకీ తన్నుకీ మధ్య రెండేసి అడుగులు వేశాడు. ప్రతిసారీ నేను చెప్పొచ్చు. చెప్పలేదు. నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను.

"ఇది ఎవరి పని?" అన్నాడు ప్రెంటిస్.

మామ నా వైపు చూశాడు. శుక్రవారం అక్కడ నేను ఒక్కణ్ణే ఉన్నానని ఆయనకి తెలుసు. కోపంగా చూడలేదు. చెబుతావా అని అడుగుతున్నట్టు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"నేను అడుగుతున్నాను, ఎవరి పని?"

"బారు నాది సార్" అన్నాడు మామ. "పని నాది."

క్లాసెన్ "ఇలారియో..." అని ఏదో అనబోయి ఆగిపోయాడు. ప్రెంటిస్ జేబులోంచి తీసిన కాగితం ఒకటి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. అందులో ఏముందో ఆరుగురికీ తెలుసు.

వెంటనే మొండేలు దిగగొట్టే పని పడింది. కడ్డీ నేను పట్టుకున్నాను, సమ్మెట మామ ఎత్తాడు. ఒక్క దెబ్బ పక్కకి జరిగితే నా మణికట్టు ముద్దయిపోతుంది. జరగాలనే కోరుకున్నాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఆ పదకొండింటికీ ఒక్క దెబ్బ తప్పలేదు. "గట్టిగా పట్టుకో" అన్నమాట తప్ప ఆయన నాతో ఇంకేం మాట్లాడలేదు.

ఇళ్ళకి నడిచి వస్తుంటే మిగతావాళ్ళు ముందు వెళ్ళిపోయారు. "మామా, నేను..." అన్నాను.

"ఊరుకో. నువ్వు చేరి రెండేళ్ళు కాలేదు. నువ్వని తెలిస్తే ఈ పూటే సంచీ సర్దుకోమంటారు. ఇల్లు కంపెనీది. నెలలు నిండిన పిల్లని ఎక్కడికి తీసుకెళ్తావు? నన్నయితే పంపరు, సర్వీసు కాగితంలో నల్ల మార్కులు వేస్తారు."

"మరి మేస్త్రీ పని?"

"అదింకెక్కడిది?" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "తప్పు నాదీ ఉంది. నేను తట్టి చూడాల్సింది. ఇక ఈ మాట ఎత్తకు" అన్నాడు.

నేను ఎత్తలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా అంత బుద్ధిగా వినలేదు నేను.

అసలు పాడు పని ఇంకా ఉంది. ఆ సాయంత్రం లూడివీనా బీన్స్ పొయ్యి మీద పెట్టి, వాటి సంగతే మర్చిపోయి నిలబడింది. "నాన్న అలా చేస్తాడా? కళ్ళకి గంతలు కట్టినా ఒక్క మేకు వదలడే! నువ్వు నమ్ముతున్నావా?"

"చేశానని ఆయనే చెప్పాడుగా."

"నువ్వు నమ్ముతున్నావా అని అడుగుతున్నాను."

"వయసు మీద పడింది లూడీ" అన్నాను. "చూపు ఆనడం లేదేమో."

చూశారా? తప్పు చేశాను, దాచాను, అది ఒక ఎత్తు. పైగా ఆయనని ఆయన కూతురి దగ్గరే ముసలివాణ్ణి చేశాను. ఆ పిల్ల నమ్మింది. మర్నాడు తండ్రికి కళ్ళద్దాలు చూపించుకోమని చెప్పింది. ఆయన "సరేనమ్మా" అన్నాడు. రిపోర్టు కాగితాల కట్ట ఆ తర్వాత మా ఇంట్లో కనిపించలేదు.

ముప్పై నల్ల మార్కులు పడ్డాయి. మేస్త్రీగా ఇంకెవరో తెల్లవాడు వచ్చాడు, తాగుబోతు, రెండేళ్ళలో వెళ్ళిపోయాడు. అప్పుడు ప్రెంటిస్ ఆ పనికి నన్ను పిలిచాడు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాను, పేరు మీద మచ్చ లేదు. "మీ మామ అలవాట్లు నీకు లేవుగా?" అని నవ్వాడు.

"లేవు సార్" అన్నాను. నవ్వాను కూడా.

ఇంటికొచ్చి మామకి చెప్పాను. కుర్చీలో కూర్చుని బూట్లూ మేజోళ్ళూ విప్పుకుంటున్నాడు. "ఒప్పుకో" అన్నాడు. "మనవాడొకడు కావాలిగా." అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. దెప్పి ఉంటే నేను తిరిగి అరిచేవాణ్ణి, ఇద్దరం కొట్టుకుని ఉండేవాళ్ళం, అక్కడితో ఏదో ఒకటి తేలిపోయేది.

మర్నాడు పొద్దున నేను టోపీ పెట్టుకుని పనిముట్ల షెడ్డు ముందు నిలబడితే, మామ బారు భుజాన వేసుకుని వచ్చి, "ఈ రోజు ఎక్కడ మొదలుపెట్టమంటారు, మేస్త్రీ గారూ?" అన్నాడు. తిబుర్సియో పకపకా నవ్వబోయాడు. మామ మొహం చూసి నవ్వు మింగేశాడు. మామ వెక్కిరించడం లేదు. మేస్త్రీని ఎలా పిలవాలో అలా పిలిచాడు.

"మామా, నన్ను మీరు అనకు. చచ్చిపోతాను."

"పనిలో అలాగే పిలవాలండీ."

ఇంట్లోనూ అదే పిలుపైంది. ఒరే అనడం మానేశాడు, అల్లుడూ అనడం మానేశాడు. నా కొడుకుని ఎత్తుకుని "మేస్త్రీ గారి అబ్బాయి" అనేవాడు. లూడివీనా, "నాన్నకి నువ్వంటే ఎంత గౌరవమో చూశావా" అని మురిసిపోయేది. నాకు ముద్ద దిగేది కాదు.

యాభై తొమ్మిదిలో మామ రిటైరయ్యాడు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది: దిగిపోయేవాడి సర్వీసు కాగితం మేస్త్రీ అందరి ముందు పైకి చదవాలి. చేరిన రోజు నుంచి ఏ ఏడు ఎక్కడ పనిచేశాడు, ఏ వరదకి ఏ వంతెన నిలబెట్టాడు, అన్నీ. మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు దగ్గర బల్లలు వేశారు. ఆడవాళ్ళు మొక్కజొన్న పిండితో తమాలేలు వండి తెచ్చారు. ప్రెంటిస్ కూడా వచ్చాడు. మామ మళ్ళీ ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

ఆ కాగితం నాలుగు రోజుల ముందే నా చేతికొచ్చింది. అందులో ఒక వరుస ఉంది. నాలుగు రోజులూ నిద్రపోలేదు. అందరి ముందు నిజం చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు నన్నెవడూ తీసెయ్యడు, ఇల్లు నా సొంతం, కొడుకు బడికెళ్తున్నాడు. అడ్డమేముంది? ఏమీ లేదు.

చదవడం మొదలుపెట్టాను. గొంతు బాగానే పలికింది. యాభై రెండు అయింది. తర్వాత వరుస మీదికి నా చూపు వచ్చింది. దాన్ని దాటేసి యాభై నాలుగులోకి వెళ్ళిపోయాను. ఆయనకి మర్యాద చేస్తున్నానని ఆ క్షణంలో నాకు నేనే చెప్పుకున్నాను.

"మేస్త్రీ గారూ" అన్నాడు మామ. టోపీ చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఒక వరుస వదిలేశారు. చదవండి."

"అదెందుకులే మామా, ఈ రోజు..."

"నా ముప్పై మూడేళ్ళలో అదీ ఉంది. చదవండి."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆయనా చూస్తున్నాడు. ఆ సోమవారం వంపు దగ్గర ఎలా చూశాడో అలాగే చూశాడు, చెబుతావా అన్నట్టు. నాకు తెలిసింది. తెలియలేదని అనను. ఆరేళ్ళు ఆగి, ఆఖరి రోజున నాకోసం ఇంకొక అవకాశం తెచ్చి నా చేతిలో పెట్టాడు ఆ మనిషి.

"ఆగస్టు పదిహేడు, యాభై మూడు" అని చదివాను. "విరిగిన మేకు తలలు తిరిగి అమర్చి లోపాన్ని దాచినందుకు ముప్పై నల్ల మార్కులు."

ఆగాను. తిబుర్సియో నమలడం ఆపేశాడు. అతని మొహం చూస్తే అర్థమైంది, వీళ్ళందరికీ ఆ రోజు నుంచే తెలుసు. మామ ఇంకా నిలబడే ఉన్నాడు. నేను మిగతాది కూడా చదివేసి, కాగితం మడిచాను. చప్పట్లు కొట్టారు. మామ "థాంక్స్ మేస్త్రీ గారూ" అని టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

లూడివీనా బల్ల చివర తమాలేల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నేను ఎందుకు దాటేశానో, తండ్రి ఎందుకు చదవమన్నాడో వెతుకుతున్నట్టు ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఒక్కొక్కరికీ వడ్డిస్తూ వచ్చి, నా దగ్గర ఆగింది. వంగి, నాకు మాత్రమే వినిపించేట్టు అడిగింది.

"నువ్వేనా?"

"అందరూ చూస్తున్నారే. ముందు వడ్డించు" అన్నాను.

వడ్డించింది. నేను తిన్నాను.